లాప్‌టాప్ పాతదా, కార్డు పాతదా?



ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటుంది. నెలనెలా బిల్లు కడుతుంటారు. ఫోన్‌లో వీడియో ఆగకుండా వస్తుంది. అదే గదిలో, అదే బల్ల మీదున్న లాప్‌టాప్‌లో మాత్రం ఆన్‌లైన్ క్లాసు ముక్కలు ముక్కలుగా వినపడుతుంది. నెట్ వాళ్ళకు ఫోన్ చేస్తే ఓ మనిషి వస్తాడు. తన ఫోన్‌లో స్పీడు చూపించి "మా లైను బాగానే ఉందండీ, మీ లాప్‌టాపే పాతదైంది" అనేసి వెళ్ళిపోతాడు. ఆ ఒక్క మాటతో, ఇంకా కొన్నేళ్ళు నిక్షేపంగా పనిచేయగల యంత్రం అటకెక్కుతుంది. ఇంటర్ చదివే పిల్లకో, పోటీ పరీక్షలకు కూర్చునే అబ్బాయికో కొత్తది కొనాలంటే ఆ ఇంటి పెద్ద మళ్ళీ అప్పు వెతుక్కోవాలి.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఇలా అటకెక్కిన లాప్‌టాప్‌లను విద్యార్థులు మా ల్యాబ్‌కు తెస్తుంటారు. విప్పి చూస్తే చాలావాటిలో ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు, మెమరీకి ఏమీ కాలేదు. పాతబడింది లోపల ఓ మూలనున్న చిన్న వైఫై కార్డు. ఇటీవలి రకంలో దాని వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 30 మిల్లీమీటర్లు. దాన్ని మార్చుకుంటే చాలు. ఎలా మార్చుకోవాలో, మార్చేముందు ఏం చూసుకోవాలో ఇవాళ చెబుతాను.

మీరిప్పుడు నా మాట వింటున్న రేడియోకూ ఆ కార్డుకూ చుట్టరికం ఉంది. కార్డు కూడా రేడియోయే. మీ రేడియో వింటుంది, అది వింటుంది, బదులూ చెబుతుంది. ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద ప్రసారమవుతుంది. ఆ తరంగం పొడవు 400 మీటర్ల పైచిలుకు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆరు సెంటీమీటర్లు. తరంగం పొట్టిదయ్యేకొద్దీ యాంటెన్నా కూడా పొట్టిదైతే సరిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌కైనా తరంగంలో నాలుగో వంతు, అంటే మూడు సెంటీమీటర్ల రేకు చాలు. అందుకే లాప్‌టాప్‌కు బయట యాంటెన్నా కనపడదు. చాలా మోడళ్ళలో అది స్క్రీన్ చుట్టూ ఉండే అంచు లోపల దాగి ఉంటుంది. అక్కడినుంచి సన్నటి తీగలు మూత మడత దగ్గరి హింజ్‌లోంచి కిందికి దిగి, కీబోర్డు అడుగున ఉన్న కార్డుకు తగులుకుంటాయి. ఈ తీగల దారి గుర్తుపెట్టుకోండి, దీనితో ముందు ముందు పనుంది.

ఇప్పుడు కార్డు ఎందుకు వెనకబడుతుందో చూద్దాం. వైఫైకి మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. అప్పటి వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 2.4 గిగాహెర్ట్జ్ మీద అది 1999లో 11 అయింది, 2003లో 54 అయింది. 2009లో వచ్చిన ప్రమాణం పేరు 802.11 ఎన్. 2013లో ఏసీ, ఆ తర్వాత ఏఎక్స్ వచ్చాయి. ఈ అక్షరాలు జనానికి గుర్తుండవని 2018లో వైఫై పరికరాల కంపెనీల సంఘమైన వైఫై అలయన్స్ వాటికి అంకెలు ఇచ్చింది. ఎన్ అంటే వైఫై 4, ఏసీ అంటే వైఫై 5, ఏఎక్స్ అంటే వైఫై 6.

ఏసీ వచ్చిన తర్వాత కూడా చాలాకాలం పాటు, తక్కువ ధర లాప్‌టాప్‌లలో ఒకే యాంటెన్నాతో, 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలిసిన వైఫై 4 కార్డులు పెట్టి అమ్మారు. పెట్టె మీద "వైఫై ఉంది" అని రాసి ఉంటుంది. ఏ వైఫై అన్నది కొనేవాళ్ళు అడగరు, అమ్మేవాళ్ళు చెప్పరు. అలాంటి కార్డు మామూలు 20 మెగాహెర్ట్జ్ చానల్ మీద, కాగితం మీద లెక్కగా ఇచ్చేదే 72 మెగాబిట్లు. నిజంగా చేతికందేది అందులో సగం సుమారు. చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లన్నీ అదే బ్యాండు మీద ఉంటే ఇంకా తగ్గుతుంది. 100 మెగాబిట్ల లైను ఇంటిదాకా వచ్చినా లాప్‌టాప్ దాకా రాకపోవడానికి కారణం ఇదే.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ఉన్న జాగా అంతా కలిపి 83.5 మెగాహెర్ట్జ్. అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా ఇమిడే చానళ్ళు మూడు: 1, 6, 11. బ్లూటూత్ కూడా అక్కడే, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. 5 గిగాహెర్ట్జ్ వైపు చూస్తే 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొత్తం 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు అక్కరలేకుండా చేసింది. ఏడు రెట్లకు మించిన జాగా అది. కార్డు మార్చడంలో అసలు లాభం ఇదేనని నా అభిప్రాయం. కొత్త ప్రమాణం అంకె కంటే ఆ రెండో బ్యాండు అందడమే ముఖ్యం.

మీ కార్డు ఏదో తెలుసుకోవడానికి లాప్‌టాప్ విప్పనక్కర లేదు. విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నెట్‌ష్ డబ్ల్యులాన్ షో డ్రైవర్స్' అని టైప్ చేయండి. 'రేడియో టైప్స్ సపోర్టెడ్' అనే వరస వస్తుంది. అందులో ఏసీ గానీ ఏఎక్స్ గానీ ఉంటే మీ కార్డుకు 5 గిగాహెర్ట్జ్ తెలుసు. బి, జి, ఎన్ అని ఆగిపోయి, ఉత్త 'ఎ' అక్షరం కూడా లేకపోతే తెలియదని అర్థం.

అయితే ఇక్కడ తొందరపడకూడదు. కార్డు మంచిదే అయినా సిగ్నల్ రాని సందర్భం ఒకటుంది. రౌటర్ పక్కన కూర్చుంటే బాగా వస్తుంది, గుమ్మం దాటితే గీతలు పడిపోతాయి. మూత ముందుకూ వెనక్కూ వంచినప్పుడు సిగ్నల్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అలా ఉంటే కార్డును అనుమానించకండి. ఇందాక చెప్పిన తీగల దారిలో, హింజ్ దగ్గర తీగ నలిగి తెగింది. మన దగ్గర హింజ్ విరిగిన లాప్‌టాప్‌లకు కొదవలేదు. ఆ హింజ్‌ను ఎవరో స్క్రూ బిగించి సరిచేసేటప్పుడు ఆ సన్నటి తీగ దాని మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు ఎంత ఖరీదైన కార్డు వేసినా ఫలితం ఉండదు, తీగ మార్చాల్సిందే. దుకాణంలో చాలామంది దీన్ని చూడకుండానే కార్డు మార్చేస్తారు, డబ్బు పోతుంది, ఇంటికొచ్చాక మళ్ళీ అదే కథ. కాబట్టి కార్డు కొనడానికి వెళ్ళేముందు మూత వంచి చూడటం మరిచిపోకండి.

ఇక కార్డు ఎంపిక. సుమారు పదేళ్ళు దాటిన లాప్‌టాప్‌లలో ఉండేది హాఫ్ మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే రకం, దాదాపు చతురస్రంగా ఉంటుంది. తర్వాతి వాటిలో ఉండేది ఎం డాట్ టూ, 2230 సైజు. ఒకదాని స్లాటులో మరొకటి పట్టదు. పాతరకానికి ఇంటెల్ 7260 లాంటి రెండు యాంటెన్నాల ఏసీ కార్డు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. ఎం డాట్ టూకి ఇంటెల్ ఏఎక్స్ 200, ఏఎక్స్ 210 మంచివి.

ఇక్కడ మన డబ్బు పోయే గొయ్యి ఒకటుంది. ఏఎక్స్ 200 పక్కనే ఏఎక్స్ 201 అని, 210 పక్కనే 211 అని ఉంటాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి, స్లాటులోనూ కూర్చుంటాయి. కానీ 201, 211 పూర్తి కార్డులు కావు. వాటి పనిలో సగం ఇంటెల్ చిప్‌సెట్ లోపలే జరుగుతుంది. ఆ ఏర్పాటు ఉన్న ఇంటెల్ బోర్డులోనే అవి పలుకుతాయి. ఏఎండీ ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్‌లో వేస్తే అసలు కనపడవు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళినా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగినా, బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, చివరి అంకె సున్నానా ఒకటా అన్నది కళ్ళతో చూసి తీసుకోండి. ఏఎక్స్ 200కు విండోస్ 7 డ్రైవర్ లేదు, విండోస్ 10 నుంచే. లినక్స్ అయితే కెర్నల్ 5.1 గానీ ఆపైది గానీ ఉండాలి.

కొన్ని కంపెనీల పాత మోడళ్ళలో మరో అడ్డంకి ఉంది. వాళ్ళ జాబితాలో లేని కార్డు పెడితే, లాప్‌టాప్‌ను లేపే మొదటి ప్రోగ్రామైన బయాస్ ఒప్పుకోదు. స్విచ్ వేయగానే ఈ కార్డుకు అనుమతి లేదని తెర మీద రాసి అక్కడే నిలబడిపోతుంది. మనం డబ్బిచ్చి కొనుక్కున్న యంత్రంలో ఏ కార్డు ఉండాలో అమ్మినవాళ్ళు శాశ్వతంగా నిర్ణయించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌ను కంపెనీ సైటు నుంచి దింపుకుని, అందులో ఏ కార్డులు రాసి ఉన్నాయో ముందే చూసుకుంటే ఈ చిక్కు తప్పుతుంది. విప్పే పద్ధతి కూడా అందులో బొమ్మలతో ఉంటుంది.

ఇప్పుడు విప్పుదాం. షట్‌డౌన్ చేయండి, స్లీప్ చాలదు. ఛార్జర్ తీసేయండి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే దాన్నీ తీయండి. లోపల ఉండే రకమైతే అడుగు మూత తెరవగానే అన్నిటికంటే ముందు బోర్డు నుంచి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. కార్డు ముట్టుకునేది ఆ తర్వాతే. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. అడుగున స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక కాగితం మీద లాప్‌టాప్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చిపెట్టండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు పైకి బొడిపె తేలుతుంది, ఒక్కోసారి బోర్డే పాడవుతుంది. మూత అంచులు విడదీయడానికి ఇనుప వస్తువు వద్దు, కాలం చెల్లిన ఏటీఎం కార్డు చాలు. స్క్రూలన్నీ తీశాక కూడా మూత మొరాయిస్తే లాగకండి. రబ్బరు కాలి కిందో స్టిక్కర్ కిందో ఇంకో స్క్రూ దాగుంటుంది.

కార్డు కనపడగానే ముట్టుకోకుండా ఫోన్‌తో ఫోటో తీయండి. దానికి తగులుకుని రెండు తీగలుంటాయి, సాధారణంగా ఒకటి నలుపు, ఒకటి తెలుపు. ఏది ప్రధానమైన మెయిన్, ఏది తోడుగా ఉండే ఆక్స్ అన్నది రంగును బట్టి అన్ని కంపెనీల్లో ఒకేలా ఉండదు, మీ ఫోటోయే మీకు ఆధారం. ఆ తీగల కొసనున్న కనెక్టర్ అచ్చం జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్ లాంటిది. తీసేటప్పుడు తీగ పట్టుకుని లాగితే తీగే ఊడొస్తుంది. బటన్ అంచు కింద గోరు పెట్టి నిలువుగా పైకి లేపాలి. పెట్టేటప్పుడు సరిగ్గా నడిమధ్య ఆనించి వేలితో సున్నితంగా నొక్కితే టక్కుమని పడుతుంది. టక్కుమనకపోతే మధ్యలో లేదన్నమాట. బలం ఉపయోగిస్తే లోపలి సూది వంగిపోతుంది. వీటిని కొన్ని పదుల సార్లకు మించి తీసిపెట్టేందుకు తయారుచేయరు కూడా, కాబట్టి ఊరికే తీసి పెడుతూ ఉండకండి. పాత మినీ పీసీఐ కార్డు కనెక్టర్ కంటే ఎం డాట్ టూ కనెక్టర్ ఇంకా చిన్నది. నలభై దాటిన కళ్ళకు అద్దాలతో పాటు ఓ టార్చ్ లైటూ కావాలి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్ళ వేళ్ళు సన్నం, నేర్చుకున్నట్టూ ఉంటుంది.

తీగలు వచ్చాక కార్డును పట్టుకున్న ఒకే ఒక్క స్క్రూ తీస్తే కార్డు దానంతటదే ఏటవాలుగా లేస్తుంది. బయటికి లాగి, కొత్తదాన్ని అదే వాలులో స్లాటులోకి నెట్టి, కిందికి వంచి స్క్రూ బిగించాలి. బంగారు రంగు కొసలను వేళ్ళతో తాకకండి. మూత విప్పాక తీగ ఒక్కటే కనపడితే కంగారుపడొద్దు, తక్కువ ధర మోడళ్ళలో కంపెనీ ఒక్క యాంటెన్నాతో సరిపెట్టింది. ఆ ఒక్కటీ కొత్త కార్డులో ఒకటో నంబరుకో, మెయిన్ అని రాసిన చోటికో పెడితే పనిచేస్తుంది. రెండో యాంటెన్నా లేనందున వేగం సగానికి వస్తుంది గానీ 5 గిగాహెర్ట్జ్ అందుతుంది. ఓపికుంటే రెండో తీగా రేకూ విడిగా కొని స్క్రీన్ అంచులో అమర్చుకోవచ్చు. అది ఇంకా నాజూకు పని.

మూత పూర్తిగా బిగించకముందే బ్యాటరీ పెట్టి ఒకసారి స్విచ్ వేసి చూడండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద కొత్త పేరు రావాలి. పసుపు గుర్తుతో 'నెట్‌వర్క్ కంట్రోలర్' అని వస్తే కార్డు కనపడింది, డ్రైవర్ లేదు. ఎవరి డ్రైవరో తెలియకపోతే ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. 'వెన్' తర్వాత నాలుగు గుర్తులుంటాయి. 8086 అంటే ఇంటెల్. 1978లో వాళ్ళు తెచ్చిన ప్రసిద్ధ ప్రాసెసర్ పేరే అది. 10ఈసీ అంటే రియల్‌టెక్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 168సీ అంటే అథెరోస్, 14సీ3 అంటే మీడియాటెక్.

డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఈ ముడి దగ్గరే చాలామంది ఆగిపోయి దుకాణానికి పరుగెడతారు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనే దారి చూపుతుంది. ఛార్జింగ్ కేబుల్‌తో ఫోన్‌ను లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లాప్‌టాప్‌కు అది తీగ నెట్ లాగే అందుతుంది, డ్రైవర్ దిగుతుంది. కార్డులోనే బ్లూటూత్ కూడా ఉంటుంది, కానీ దాని డ్రైవర్ వేరు. వైఫై వచ్చి బ్లూటూత్ రాకపోతే కార్డును తిట్టకండి, రెండో డ్రైవర్ కూడా వేయండి. అంతా వేశాక కూడా రేడియో ఆఫ్ అని చూపిస్తే విమానం బొమ్మ ఉన్న మీట నొక్కి చూడండి. పాత లాప్‌టాప్‌లలో పక్కన జారుడు స్విచ్ ఉంటుంది, అది ఎప్పుడో చెయ్యి తగిలి పక్కకు జరిగుంటుంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు తగని లక్షణమైన యంత్రాలెన్నో మన ఇళ్ళలో ఉన్నాయి. వాటిలో లినక్స్ వేసుకుందామనుకునే కుర్రాళ్ళకు మొదట ఎదురయ్యేది కూడా ఈ వైఫైయే. ఒకప్పుడు విండోస్ డ్రైవర్‌ను ఎన్‌డిస్‌ర్యాపర్ అనే పొరలో చుట్టి లినక్స్ చేత నడిపించేవాళ్ళం. ఇప్పుడు ఆ అవస్థ లేదు. ఇంటెల్ కార్డుల డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. దానితోపాటు కావలసిన ఫర్మ్‌వేర్‌ను, అంటే కార్డు లోపల నడిచే ప్రోగ్రామును, ఇన్‌స్టాలర్‌లో చేర్చాలని డెబియన్ అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవాళ్ళు 2022లో ఓటింగ్ పెట్టి నిర్ణయించుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది పెట్టెలోనే వస్తోంది. పాత బ్రాడ్‌కామ్ కార్డులు ఇప్పటికీ విసిగిస్తాయి. వాటి మీద రాత్రుళ్ళు వృథా చేయడం కంటే ఓ పాత అథెరోస్ కార్డు వేసుకోవడం మేలు. ఏటీహెచ్ 9కే డ్రైవర్‌తో నడిచే పీసీఐ కార్డులకు విడిగా ఫర్మ్‌వేర్ ఫైలు కూడా అక్కరలేదు.

కార్డు పలికాక రౌటర్ వైపు ఒకసారి చూడాలి. ఫోన్‌లో కనపడే మీ నెట్‌వర్క్ లాప్‌టాప్‌లో కనపడకపోతే రౌటర్ 12 లేదా 13వ చానల్ మీద ఉందేమో చూడండి. మన దేశంలో ఆ చానళ్ళు వాడొచ్చు, కానీ అమెరికా నిబంధనలకు అమర్చిన కార్డులు వాటిని పట్టించుకోవు. 1, 6, 11లో ఒకదానికి మార్చేస్తే కనపడుతుంది. భద్రత దగ్గర డబ్ల్యుపీఏ 2 గానీ 3 గానీ ఉంచండి. డబ్ల్యుఈపీ అని ఎక్కడైనా మిగిలుంటే తీసేయండి, దాని తాళం 2001లోనే పగిలింది. కార్డు ప్రాపర్టీస్‌లో 'ప్రిఫర్డ్ బ్యాండ్' అనే చోట 5 గిగాహెర్ట్జ్ ఎంచుకుంటే లాప్‌టాప్ ఇరుకు బ్యాండు వైపు జారిపోకుండా ఉంటుంది. పెంకుటింటి మందపాటి గోడలు, రెండు గదులు దాటి కూర్చునేవాళ్ళు మాత్రం 2.4 గిగాహెర్ట్జ్ మీదే ఉండటం మంచిది. గోడలు దాటడంలో దానిదే పైచేయి.

పల్చటి కొత్త మోడళ్ళలో కొన్నిటికి వైఫై చిప్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. అది పోతే విప్పి మార్చే మాటే లేదు, యూఎస్‌బీలో పెట్టే వైఫై డాంగిల్ ఒక్కటే గతి. దాన్ని కూడా యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పక్కన పెట్టకండి. ఆ పోర్టుల నుంచి పుట్టే రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను చెడగొడుతుంది. ఈ అతికింపు గురించి కొనేటప్పుడే అడగాలి. ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత అని అడిగే నోటితోనే "వైఫై కార్డు ఊడుతుందా, బోర్డుకు అతికించారా" అని అడగండి. దుకాణదారుకు తెలియకపోతే ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ అక్కడే ఫోన్‌లో తెరిచి, కార్డు మార్చే పేజీ ఉందో లేదో చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.